గంగాళం దర్యాప్తు

మా ఇంట్లో దొంగతనం జరిగిన రోజు పోయింది గంగాళం. పోబోయింది నా పెళ్లి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఈ ముచ్చట మా చిన్నాయన నోట విన్నవాళ్ళందరూ గంగాళం సంగతే అడుగుతారు తప్ప నా సంగతి ఒక్కడూ అడగడు.

నా పేరు వీరేశం. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు మాట ఇది. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు దగ్గరపడ్డాయి. లింగంపల్లి స్టేషన్లో రైళ్ళకు జెండా చూపే కొలువు, మాదాపూర్‌లో బండల నడుమ కాసింత మెట్ట చెలక, సొంత ఇల్లు, నోట్లో పళ్ళు, నెత్తిన వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. అయినా వచ్చిన సంబంధం వచ్చినట్టే తిరిగిపోయేది. కారణం మా అమ్మ బుచ్చమ్మ. ఆమె పొద్దున్నే లేచి కోళ్ళను తిట్టడం మొదలుపెడితే ఊరు నిద్ర లేచేది. కోళ్ళయ్యాక నన్ను, నా తర్వాత దారిన పోయేవాళ్ళను తిట్టేది. "పిల్లగాడు మంచోడే గని, ఆ అత్త నోట్ల పడితే మా పిల్ల ఏం గావాలె?" అనేవాళ్ళు చూడవచ్చినవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనూ నోరెత్తేవాణ్ని కాదు.

చివరికి నిజాంపేట రాజయ్య తన కూతురు భూలక్ష్మిని ఇవ్వడానికి మెత్తబడ్డాడు. కానీ వాళ్ళింట్లో మాట చెల్లేది ఆయనది కాదు, ఆయన తల్లి సక్కుబాయిది. "పిల్లగాన్ని చూసినం. ఇగ అత్తను చూడాలె. నేనే వచ్చి చూస్త" అని కబురు పెట్టింది ముసలమ్మ. చూసి నచ్చితే అప్పుడే పసుపు కుంకుమ ఇచ్చి ఖాయం చేసుకుంటారు. ఇది కూడా తప్పిపోతే ఈ చుట్టుపక్కల నాకు పిల్లనిచ్చే ఇల్లు మిగల్లేదు. ఆ భయంతో వారం నుంచి నాకు అన్నం సహించడం లేదు. "అమ్మా, ఆ ఒక్క పూట జర నెమ్మదిగ మాట్లాడవే" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన్రా?" అని ఊరంతా వినేలా అరిచింది.

వాళ్ళు రావలసిన రోజు పొద్దున అమ్మ కేకకే లేచాను. రోజూ ఉండేదే అనుకున్నాను గానీ, ఆ కేకలో కోళ్ళ ఊసు లేదు.

"గంగాళం! నా గంగాళం ఏదిరా?"

ఇంటి పక్కన నీళ్ళు పోసుకునే జాలారి దగ్గర, మూడు రాళ్ళ పొయ్యి మీద ఉండేది ఆ గంగాళం. రాగిది. అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఊళ్ళో పెళ్లయినా, ఎవరైనా పోయి శవానికి నీళ్ళు కాచాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. అడగవచ్చినవాణ్ని ముందు తిట్టి, తర్వాత ఇచ్చేది అమ్మ. ఇప్పుడు అక్కడ మూడు రాళ్ళూ, రాగి మూతా మిగిలాయి.

ఆ కేకకు గోడ అవతల నుంచి మా చిన్నాయన రామచంద్రం ఊడిపడ్డాడు. నాన్న తమ్ముడు. ఉర్దూలో నాలుగో తరగతి చదివి, ఊళ్ళోవాళ్ళకు అర్జీలు రాసి పెట్టే మనిషి. ఠాణాకు కొత్తగా వచ్చిన పోలీసు అమీన్‌తో పరిచయం చేసుకోవాలని నెల రోజులుగా సాకు వెతుకుతున్నాడు. ఇంకేం! నా సైకిలెక్కి, "ఫికర్ చేయకు వదినా, సర్కారునే తెస్త" అంటూ వెళ్ళిపోయాడు. వద్దు చిన్నాయనా, ఇవాళ కాదు అని నేను వెనకాల పరుగెత్తాను. సైకిల్ నాదే అయినా నాకన్నా వేగంగా పోయింది.

ఠాణా దారిలో సగం దాకా పరుగెత్తి నేను తిరిగొచ్చేసరికి అమ్మ జాలారి దగ్గర వంగి నేలను చూస్తోంది. గంగాళం నీళ్ళు ఒలికి అక్కడంతా బురదయ్యింది. ఆమె గబగబా లేచి చీపురందుకుంది. సరే, వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాంపి చల్లి, ముగ్గు పెడుతుంది, ఇక వంట మొదలుపెడుతుందని నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. కానీ ఆమె ముందు వాకిలి వదిలేసి జాలారి దగ్గరే మొదలుపెట్టబోయింది. అప్పుడే చిన్నాయన వెంట అమీన్ వచ్చాడు.

వెంకటనారాయణ ఆయన పేరు. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, నాకన్నా చిన్నవాడు, మడత నలగని ఖాకీ బట్టలు, సైకిల్ వెనక ఒక చెక్కపెట్టె. నేరం జరిగిన చోటును పరీక్షించే చదువు మద్రాసు వైపు చదివొచ్చాడట. సైకిల్ ఇంకా ఆగనే లేదు, దూకి చీపురు పట్టుకున్నాడు.

"ఆగండమ్మా! ఊడవకండి! ఇక్కడ ఒక్క పుల్ల కూడా కదలకూడదండి."

"ఊడ్వకుంటే ఎట్ల సారూ? నిజాంపేట నుంచి పిల్లవాండ్లు వస్తున్నరు. సాంపి లేక, ముగ్గు లేక వాకిలి గిట్లనే ఉంటదా?"

"ముగ్గు పెడితే నా కేసు పోతుందండి."

"పెట్టకుంటే నా కొడుకు పెండ్లి పోతది!"

ఇద్దరూ చీపురును చెరో కొస పట్టుకుని లాక్కున్నారు. చెప్పొద్దూ, ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. చివరికి చీపురు అమీన్ చేతికి వచ్చింది. ఆయన బురద దగ్గర గొంతుక్కూర్చుని పెట్టెలోంచి భూతద్దం తీశాడు. బురదలో ఒక్క పాదం, కుడిపాదం, స్పష్టంగా దిగి ఉంది.

"దొంగ ఎంత తెలివైనవాడైనా తనది ఏదో ఒకటి వదిలిపెడతాడండి. ఇక్కడిది ఏదో ఒకటి తీసుకునే వెళ్తాడు" అన్నాడు అమీన్ సంబరంగా.

"గంగాళం తీస్కపోయిండు గద! ఇంకేం తీస్కపోవాలె?" అంది అమ్మ. వెంటనే, "ఆ అడుగు నాదే. పొద్దుగాల నేనే తొక్కిన. తుడిచెయ్యి" అంది.

"మీది కాదమ్మా. ఇది మగవాడి పాదం. మీ పాదం ఇందులో సగం ఉంటుంది. పైగా చూడండి, బొటనవేలు పక్కకు తిరిగిపోయి ఉంది. లక్షమందిలో అయినా పట్టుకోవచ్చు."

అమ్మ ఆయన్ని చూసింది, పాదాన్ని చూసింది, నన్ను చూసింది. లోపలికి వెళ్ళి, మధ్య గదిలో గోడవైపు తిరిగి, నెత్తిమీదుగా చెంగు కప్పుకుని పడుకుంది. అలిగింది. నేను పుట్టాక అమ్మ నోరు మూసుకోవడం అదే మొదటిసారి. అది కూడా ఇవాళే కావాలా అని నాకు ఒళ్ళు మండింది.

అమీన్‌కు అదంతా పట్టలేదు. తలుపు రెక్కల మీద దొంగ వేళ్ళు ఆనాయేమోనని నల్లటి పొడి చల్లి, "దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు, లోపలికి వెళ్ళకూడదు, బయటికి రాకూడదు" అని హుకుం జారీ చేశాడు. అంటే పొయ్యి కూడా వెలగదన్నమాట. తర్వాత నన్ను పిలిచాడు.

"చూడండి వీరేశంగారూ, ఈ పాదానికి అచ్చు తీయాలి. ప్లాస్టరు పొడి నా దగ్గరుంది. కలపడానికి మైల అంటని కొత్త కుండ కావాలి. చుట్టూ దడి కట్టడానికి వెదురు కర్రలు, కొబ్బరితాడు. కోళ్ళు తొక్కకుండా పైన కప్పడానికి తెల్ల గుడ్డ. వెంటనే తీసుకురండి. అన్నట్టు, దర్యాప్తు సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకండి. ఏమడిగినా ఏమీ లేదనండి."

నాకు బుర్ర లేదా అని మీరడగవచ్చు. ఉంది. కానీ దాని నిండా నిజాంపేట బండి ఉంది. ఎక్కడిదాకా వచ్చిందో, ముగ్గు లేని వాకిలి చూసి ముసలమ్మ ఏమంటుందో, తినడానికి ఏం పెట్టాలో, అదే ఆలోచన. ఆ ధ్యాసలోనే మేదరి ఇంటికి వెళ్ళి వెదుర్లు తీసుకుని భుజాన వేసుకున్నాను. కొట్లో కొబ్బరితాడు, తెల్లగుడ్డ తీసుకున్నాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి గుడ్డ ఇంకో రెండు గజాలు ఎక్కువ చింపాడు. ఎందుకో అర్థం కాలేదు. చివరికి కుమ్మరి సాయిలు దగ్గరికి పోయి కొత్త కుండ అడిగాను.

సాయిలు నా భుజం మీది వెదుర్లను చూశాడు, తాడును చూశాడు, తెల్లగుడ్డను చూశాడు. నెత్తిమీది రుమాలు తీసేశాడు.

"ఎప్పుడు?" అన్నాడు మెల్లగా.

"తెల్లారేసరికి" అన్నాను, గంగాళం సంగతి అప్పుడే బయటికి పొక్కిందేమోనని కోపంతో. "ఎవలకూ చెప్పొద్దన్నరు. నన్నేం అడగకు."

"పొద్దుగాల ఒక్క కేక ఇనవడ్డది, ఆ తర్వాత బుచ్చమ్మ గొంతు ఇనరాలేదు. అప్పుడే అనుకున్న" అని కళ్ళు తుడుచుకున్నాడు.

కుండ చేతికిచ్చి నా వీపు నిమిరాడు. నిన్నటిదాకా పలకరించని మనిషి వీపు నిమురుతాడేమిటని విసుక్కుంటూ వచ్చేశాను. దారిలో ఎవరిని చూసినా పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఇంత మర్యాద నాకు అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

ఇంటికొచ్చాక అమీన్ దడి కట్టించి, కుండలో తెల్లటి పొడి కలిపి, పాదంలో పోసి, పైన గుడ్డ పరిచాడు. కొట్టువాడు ఎక్కువ చింపడం వల్ల గుడ్డ మనిషి పొడవున పరుచుకుంది. అచ్చు ఆరేలోపు ఇంటివాళ్ళ వేలిముద్రలు తీస్తానని సిరా పలక తీశాడు. ఇంట్లో తిరిగేవాళ్ళవి పక్కన పెడితే మిగిలేవి దొంగవేనట. మంచి పద్ధతే. ముందు నేను వేళ్ళు అద్దాను. తర్వాత చిన్నాయన వంతు.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "నిశాని పెట్టాల్నా? నేనా?"

"అవునండి. బొటనవేలితో మొదలుపెడదాం."

"అమీన్ సాబ్, నేను ఉర్దూల సంతకం చేస్త. తెలుగుల చేస్త. పదేండ్ల సంది ఈ ఊరోళ్ళ నిశానిల కింద నేనే సాక్షి సంతకం చేస్తున్న. నాతోటి వేలు పెట్టిస్తవా? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"ఇది చదువు రాదని కాదండి. పోల్చుకోవడానికి."

"పోల్చుకోను సంతకం చాలదా? రెండు చేస్త తీస్కో."

"సంతకం తలుపు మీద పడదు కదండీ!"

ఎంత చెప్పినా వినలేదు. సర్కారును పిలిచింది తానే, పరువు పోయింది తనదే అని, అరుగు మీద తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేను దడి మీంచి ముందు వాకిలికేసి చూశాను. చూసి అక్కడే కొయ్యబారిపోయాను.

మా వాకిలి ఊడవలేదు. సాంపి చల్లలేదు. ముగ్గు లేదు. పొయ్యి మీంచి పొగ లేదు. పక్కన కోసిన వెదుర్లు, కొబ్బరితాడు, కొత్త కుండ, పొడుగ్గా పరిచిన తెల్లగుడ్డ. అరుగు మీద తల పట్టుకున్న చిన్నాయన. ఇంట్లోంచి అమ్మ గొంతు లేదు. మా ఊళ్ళో ఇవన్నీ ఒక్కచోట కనిపించేది ఒక్క సందర్భంలోనే. దొంగతనంలో మాత్రం కాదు.

"అయ్యో బుచ్చమ్మో! గింత పని చేస్తివానే!"

ఎదురింటి మొగిలి భార్య జుట్టు విరబోసుకుని వీధి మలుపు తిరిగింది. వెనకాల వాడంతా ఉంది. అందరికన్నా వెనకాల కుమ్మరి సాయిలు ఉన్నాడు. నేను ఎదురు పరుగెత్తాను.

"సావలేదు! మా అమ్మ సావలేదు! లోపల పండుకున్నది!"

"పిల్లగానికి మతి పోయింది" అని నన్ను నలుగురు పట్టుకున్నారు. "ఏడువు కొడుకా, ఏడిస్తే తేలికైతది" అని తల నిమిరారు. నేనెంత అరిస్తే అంత జాలి పడ్డారు. మనుషులు ముందుకు తోసుకొచ్చారు. అమీన్ ఈల ఊదుతూ చేతులు అడ్డం పెట్టి, "తొక్కకండి! దడి దాటకండి! సాక్ష్యం పోతుంది!" అని మొత్తుకున్నాడు. "ఎంత మంచోడో చూడు, బుచ్చమ్మ కోసం అమీన్ సాబ్ గూడ వచ్చిండు" అని ఆయనకు దండం పెట్టి మరీ తొక్కారు.

ఇక శోకాలు మొదలయ్యాయి.

"నిన్న మాపటికి గూడ తిట్టినవు గదనే నన్ను!"

"నా కాన్పప్పుడు తిట్టుకుంట తిట్టుకుంటనే అన్నం వండి పెడితివి గదనే!"

"నా కొడుకుకు అమ్మవారు పోస్తే ఊర్ల ఎవ్వలూ గడప తొక్కలే, నువ్వే వచ్చి వాన్నీ నన్నూ కలిపి తిట్టి సాకితివి గదనే! ఇగ మమ్ముల ఎవలు తిడ్తరే?"

ఇవేవీ నాకు తెలియవు. అమ్మ తిట్టిన తిట్లన్నీ ఇంట్లోకి వినపడేవి, చేసిన పనులు మాత్రం వినపడలేదు. నేను అలా నోరు తెరుచుకుని వింటుండగానే చిన్నాయన అరుగు మీంచి తల ఎత్తాడు. జనాన్ని చూశాడు, మూసిన తలుపును చూశాడు. "వదినా!" అని ఒక్క గావుకేక పెట్టి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్న మనిషి! ఆయన ఏడుపు చూసి నాకూ అనుమానం పట్టుకుంది. నిజమే, అమ్మ ఇంతసేపు నోరు మూసుకుని ఎలా ఉంది? లోపలికి పోయి చూద్దామని తలుపు దాకా వెళితే అమీన్ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "పొడి! పొడి చెరిగిపోతుందండి!"

సరిగ్గా అప్పుడే వీధి చివర నిజాంపేట బండి ఆగింది.

రాజయ్య పగ్గాలు బిగించి పట్టుకుని తెల్లముఖం వేశాడు. సక్కుబాయి బండిలోంచి ఒకసారి మా వాకిలంతా పరికించింది. సన్నటి ముసలమ్మ, కళ్ళు మాత్రం గద్దవి.

"రాజయ్యా, బండి మళ్ళియ్యి. శుభానికి వస్తే శవం ఎదురైంది. ఈ సంబంధం మనకు రాసి పెట్టి లేదు."

నన్ను పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని పోయి ఎడ్లకు అడ్డం నిలబడ్డాను. "అత్తా, కాదు అవ్వా, ఎవ్వలూ సావలేదు! నా మాట నమ్మున్రి!"

"మరి ఆ వెదుర్లేంది?"

"అమీన్ సాబ్‌వి."

"ఆ కుండ, ఆ తెల్లగుడ్డ?"

"అవి గూడ అమీన్ సాబ్‌వే."

"అయ్యో పాపం! అమీన్ సాబ్ సచ్చిండా?"

ఈల ఊదుతూ ఎగురుతున్న అమీన్‌ను చూపించాను. ముసలమ్మకు నమ్మకం కలగలేదు. రాజయ్య ఎడ్లను సగం తిప్పాడు. నా పెళ్లి కూడా వాటితో పాటు సగం తిరిగింది. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అప్పుడు ఖానామెట్ దారి వైపు నుంచి ఇంకో శోకం వినిపించింది. మగగొంతు. బోర్లించిన గంగాళం నెత్తిన పెట్టుకుని ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. గంగాళం కిందికి జారి కళ్ళు కమ్మేయడంతో బండికి కొట్టుకుని, పక్కకు తిరిగి, మా వాకిట్లోకి వచ్చిపడ్డాడు. గంగాళం దించాక ముఖం కనిపించింది. మా మేనమామ పోచయ్య. అమ్మకు ఉన్న ఒక్క తమ్ముడు. ఉండేది ఖానామెట్‌లో, చావు కబురు అక్కడిదాకా పాకినట్టుంది.

వీళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. మామ తన కూతురి పెళ్లికి స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఎవరితోనో కబురు పంపాడు. అమ్మ వెళ్ళలేదు. పెళ్లిలో నీళ్ళకు గంగాళం అడిగితే ఇవ్వలేదు. "నాకు తమ్ముడే లేడు" అంది. అందుకే నిజాంపేటవాళ్ళు మేనమామ సంగతి అడిగినప్పుడు చిన్నాయన తెలివిగా "లేడు" అని చెప్పేశాడు. ఆ లేని మేనమామ ఇప్పుడు మా వాకిట్లో గంగాళాన్ని కౌగిలించుకుని ఏడుస్తున్నాడు.

"అక్కా! నేనే సంపిన అక్కా నిన్ను!"

అమీన్ ఈల కింద పడేశాడు. "ఏమన్నావ్? నువ్వే చంపావా?"

"నేనే సారూ! మా అమ్మ గంగాళం, నా బిడ్డ పెండ్లికి గూడ ఇయ్యకపాయె, ఆ రోషానికి ఎత్తుకపోయిన. పొద్దుగాల లేచి చూసేసరికి అది లేదు, గుండె పలిగి సచ్చింది మా అక్క! ఇగ నా అక్కకు ఆఖరి నీళ్ళు ఏ గంగాళంల కాగుతయి? అందుకే తెచ్చిన. మా అమ్మ గంగాళంలనే కాగాలె. నీళ్ళు కాచినంక నన్ను ఉరి తీయున్రి!"

జనం ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తలుపు రెక్కలు రెండూ ధడాలున తెరుచుకున్నాయి. పొడి అంతా అమ్మ ముఖాన పడింది.

"ఎవడ్రా నన్ను సంపింది?"

మొగిలి భార్య కెవ్వుమంది. ఇద్దరు ముసలివాళ్ళు గోడ దూకారు. నల్లటి ముఖంతో నడుముకు చేతులు పెట్టుకుని గడపలో నిలబడింది అమ్మ. "గింత సేపటి సంది ఇంటున్న. ఎవలెవలు ఏమంటున్నరో ఇననీ అని పండుకున్న. మొగిలి పెండ్లామా, కాన్పప్పుడు అన్నం పెట్టిన అన్నవు గని నెయ్యి పోసిన సంగతి ఏమాయెనే?"

పోచయ్య మామ గంగాళం వదిలేశాడు. తర్వాత పోయి అమ్మ కాళ్ళు పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చాడు. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కోలేదు.

ఇంత గందరగోళంలోనూ తన పని మరవనిది అమీన్ ఒక్కడే. జనం తొక్కిన గుడ్డ కింద నుంచి అచ్చును పైకి తీశాడు. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. మోకాళ్ళ మీద పాకి, ఏడుస్తున్న మామ కుడిపాదం పక్కన పెట్టాడు. ఎన్నడో ఎడ్లబండి చక్రం ఎక్కి పక్కకు తిరిగిన మామ బొటనవేలు, అచ్చులో బొటనవేలు, రెండూ ఒక్కటే.

"సరిపోయింది! సరిపోయిందండి!" అమీన్‌కు కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. "పాదం అచ్చుంది, పోయిన సొత్తుంది, ఒప్పుకోలుంది. అన్నీ ఒక్క కేసులో! ఎంత అదృష్టమండీ!"

అప్పుడు తట్టింది నాకు. ఆ వేలును నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, అయినా పోల్చలేదు. అమ్మ పొద్దున్నే పోల్చింది. ముందు వాకిలి వదిలేసి జాలారి దగ్గర చీపురేసింది నిజాంపేటవాళ్ళ కోసం కాదు, తమ్ముడి అడుగు చెరిపేయడం కోసం. అది కుదరక, నోరు తెరిస్తే ఎక్కడ నిజం జారుతుందోనని మూసుకుని పడుకుంది. నేనేమో అలిగిందనుకుని మనసులో ఎన్ని తిట్టానో!

బండి ఇంకా పోలేదు. సక్కుబాయి బండిలోంచే అడిగింది. "ఎవలతను?"

"దొంగండి" అన్నాడు అమీన్.

"దొంగ ఎవడు?" అమ్మ గయ్యిమంది. "నా కొడుకు మేనమామ!"

"మేనమామ లేడన్నరు గద?"

అందరం చిన్నాయన వైపు చూశాం. ఆయన గంగాళం వైపు చూశాడు.

"నిన్నటి దాక లేడు" అంది అమ్మ. "ఇయ్యాల వచ్చిండు."

అమీన్ మామ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయనేం చెడ్డవాడు కాదు, ఆయన పని ఆయనది. "అమ్మా, నేను ఈయన్ని తీసుకెళ్ళాలి. మీ ఇంటి నుంచే ఫిర్యాదు వచ్చింది."

"ఇచ్చినాయన నిశాని పెట్టలేదు గద సారూ! నీ కండ్ల ముందటనే పెట్టనన్నడు. మా అమ్మ గంగాళం మా తమ్ముడు కొంచపోతే దొంగతనం ఎట్లయితది? అడిగితే నేనియ్యలేదు. తప్పెవలది?" అంది. "వీన్ని నువ్వు తీస్కపోతే ఎట్ల? పిల్లవాండ్లు పసుపు కుంకుమ ఇస్తే మేనమామ లేకుంట నేనొక్కదాన్నే ఎట్ల అందుకోవాలె?"

మామ ఏడుపు ఆగింది. ఆ మాట విన్నాక ఆయన తల పైకెత్తిన తీరు నేనెప్పటికీ మరవలేను. అమీన్ చాలాసేపు అచ్చును చేతిలో తిప్పుకున్నాడు. తర్వాత మామ భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

"దీన్నైనా నేను ఉంచుకోవచ్చాండీ? ఇంత బాగా నాకెప్పుడూ రాలేదు" అన్నాడు.

"ఉంచుకో బిడ్డా. అన్నం తిని పో. పొద్దటి సంది ఏం తిన్నవో ఏమో, ఎండిన కట్టె లెక్కున్నవు. మీ అమ్మ నిన్ను ఏం పెట్టి పెంచిందిర?" అని తిట్టింది అమ్మ. ఆయన నవ్వాడు.

ఇక మిగిలింది బండి. ముసలమ్మ దిగలేదు. ఏం చెబుతుందోనని ఊరంతా బండి చుట్టూ మూగింది.

"బుచ్చమ్మా" అంది సక్కుబాయి. "నీ నోరు పెద్దదని విన్న. ఇనుడేంది, వీధి చివర నుంచే ఇనవడ్డది. ఒక్క మాట అడుగుత, చెప్పు. నా మనుమరాలు చిన్న పిల్ల. రేపు నీ ఇంట్ల ఏదన్న తప్పు చేస్తది. అమీన్ సాబే వచ్చి ముందట నిలవడితే, నీ తమ్మునికి అడ్డం వడ్డట్టు దానికి గూడ అడ్డం పడతవా?"

అమ్మా, ఈ ఒక్కసారి తీయగా మాట్లాడవే అని మనసులోనే దండం పెట్టుకున్నాను. అమ్మ ముఖాన పొడి తుడుచుకుంది.

"తిడ్త" అంది. "మస్తు తిడ్త. తిట్టి, అడ్డం పడత."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది.

"రాజయ్యా, ఇంక చూస్తవేందిరా? ఎడ్లనిడువు."

రాజయ్య దిగి ఎడ్ల మెడ మీంచి కాడి తీశాడు. వాకిలంతా గొల్లున నవ్వుతుంటే, పొద్దుటి నుంచి ఎంతమంది బతిమాలినా ఏడవని నేను అరుగు మీద కూలబడి ఏడ్చాను. "నేను బతికే ఉన్న గదరా, ఇప్పుడెందుకు ఏడుస్తున్నవు సన్నాసి?" అని అమ్మ తిడుతూనే ఉంది.